పదికి ఒకటి అన్న టైలరమ్మ

మనిషి మొహం చూసి నొప్పి ఎక్కడుందో, ఎంతుందో చెప్పగలిగినవాడు మదనపల్లెలో ఆ రోజుల్లో నేనొక్కడినే. వార్డు గుమ్మంలో నిలబడి ఒక్కసారి కలయజూస్తే చాలు. ఈ మంచం ఆమెకు కుట్టు లాగుతోంది, ఆ మంచం ఆయనకు గ్యాసు పట్టింది, మూలనున్న పెద్దాయనకు నొప్పీ లేదు పాడూ లేదు, పెండ్లాం పలకరించడం లేదని మూలుగుతున్నాడు, అని చెప్పేసేవాణ్ణి. డాక్టర్లు నన్నడిగి మందు రాసేవాళ్ళు.

సరే, అంత లేదు. మంచానికి వేలాడే కేసు షీట్లు ముందే చదివేసి, తర్వాత గుమ్మం దగ్గరికి వెళ్ళి నిలబడేవాణ్ణి. మూలనున్న పెద్దాయన సంగతి మాత్రం నిజం.

ఇప్పుడు రిటైరై కుప్పంలో సొంతింట్లో ఉంటున్నాను. మా వీధిలో నర్సింగు చదివే పిల్లలు గదులు తీసుకొని ఉంటారు. సాయంత్రం మా అరుగు మీద చేరి, "తాతా, మీ డ్యూటీలో మర్చిపోలేని కేసు చెప్పండి" అంటారు. ఇప్పటికి చాలా చెప్పాను. అన్నింటిలోనూ ప్రాణం కాపాడింది నేనే. ఈ ఒక్కటి మాత్రం చెప్పకుండా దాటేస్తూ వచ్చాను. ఇందులో నన్ను నేను పెద్ద చేసుకోవడానికి చోటు తక్కువ. అయినా వదలను, ప్రయత్నిస్తాను.

నేను పనిచేసింది మదనపల్లెలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో. ఆపరేషను అయినవాళ్ళను చూసుకునే వార్డులో మగ నర్సుని. చదువుకున్నవాళ్ళు 'బ్రదర్' అనేవాళ్ళు, పల్లెలవాళ్ళు 'అన్నా', 'అప్పా' అనేవాళ్ళు. తెల్లవారే ముందు టమాటా లారీలు మార్కెట్ యార్డు వైపు వెళ్తుంటే కిటికీ అద్దాలు అదిరేవి. ఆ అదురుకు కుట్లున్నవాళ్ళందరూ ఒకేసారి కళ్ళు తెరిచేవాళ్ళు. అదే మా వార్డుకు అలారం. చలికాలంలో హార్స్లీ హిల్స్ మీదనుంచి దిగివచ్చే గాలికి స్పిరిటు వాసన కూడా చల్లగా ఉండేది. ఆ వాసన ఇప్పటికీ ఎక్కడైనా తగిలితే నా చేయి జేబులో థర్మామీటరు కోసం వెతుకుతుంది.

వార్డుకు మహారాణి అంటే మా పెద్ద సిస్టరే. ఆవిడ చెప్పుల చప్పుడు వింటే మూలిగేవాళ్ళు మూలగడం ఆపేవాళ్ళు. మంచి మనిషే. నా కోసం ప్రతి శనివారం చిత్రాన్నం కట్టుకొచ్చేది. కానీ నొప్పి విషయంలో ఆవిడ దగ్గర ఒక తరాజు ఉండేది. గర్భసంచి తీసినవాళ్ళది పెద్ద నొప్పి, రాళ్ళు తీసినవాళ్ళది అంతకంటే కొంచెం చిన్న నొప్పి, తాగి పడి కాలు విరగ్గొట్టుకున్నవాడిది అసలు నొప్పే కాదు. సూది మందు ఆ వరుసలోనే వెళ్ళేది.

గోడకు నొప్పి కొలిచే బొమ్మల పటం ఒకటి ఉండేది. నవ్వే మొహంతో మొదలై ఏడ్చే మొహంతో ముగిసేది. కింద అంకెలు, పది వరకు. "పదికి ఎంత నొప్పి?" అని అడగడం నా పని. పెద్దతిప్పసముద్రం నుంచి వచ్చిన రైతు ఒకాయన ఆ పటాన్ని చాలాసేపు చూసి, "వీళ్ళంతా ఎవురి పిల్లోళ్ళప్పా, ఒక్కడికీ బొచ్చు లేదు?" అన్నాడు. ఇంకొకాయన టమాటా వ్యాపారి. "ఈ దినం యార్డులో రేటెంతో కనుక్కొని చెప్తాలే" అన్నాడు. అదీ మా శాస్త్రం.

అలాంటి వార్డులోకి పుంగనూరు నుంచి ఒక టైలరమ్మ వచ్చింది. ముప్పై దాటిన మనిషి. ఇంటి ముందుగదిలోనే రవికెలు కుట్టే అంగడి. రొమ్ములు పెద్దవి చేయించుకునే ఆపరేషనుకు వచ్చింది. బెంగళూరు నుంచి వారానికొకసారి వచ్చే సర్జన్ చేశాడు. మా దగ్గర ఆ ఆపరేషను అదే మొదటిది. వార్డంతా గుసగుసలు. నేను మాత్రం వృత్తి ధర్మం తెలిసినవాణ్ణి కాబట్టి ఎందుకు చేయించుకున్నావని అడగలేదు.

అడిగాను. రెండో రోజే అడిగాను. నేను మనిషినే కదా.

ఆమె ఏమీ దాచలేదు. "పుంగనూర్లో సగం మందికి వాళ్ళ వాళ్ళ కొలతకు కుట్టినానన్నా. నాకు నచ్చిన కొలత ఒకటుండాది. అది నాకు లేదు. అంతే" అంది. భర్త పాల వ్యాను డ్రైవరు. "నీ ఇష్టం" అన్నాడట. అత్త మాత్రం ఆసుపత్రికి వచ్చి కూడా మొహం గోడవైపు పెట్టుకొని కూర్చునేది.

సర్జన్ రొమ్ము పెంచే సిలికాను దిండ్లను ఛాతీ కండరం కింద పెట్టాడు. ఎప్పుడూ సాగని కండరం ఒక్కసారిగా సాగేసరికి రొమ్ము మీద రోలు పెట్టినట్టు బరువు, బిగుతు. చేయెత్తితే లాగుడు. పడుకొని లేవాలంటే ప్రాణం పోయినంత పని. మొదటి రెండు మూడు రోజులు గట్టి నొప్పే. నేను వెళ్ళి పటం చూపించి, "పదికి ఎంతమ్మా?" అన్నాను.

"ఒకటేసుకోన్నా."

మధ్యాహ్నం అడిగితే ఒకటి. సాయంత్రం ఒకటి. ఇంత ఓర్పు గల మనిషిని చూడలేదని డాక్టరుతో గొప్పగా చెప్పాను. ఆయన నొప్పి మందు తగ్గించాడు.

ఆమె నిజంగా ఎంత బాధ పడుతోందో కనిపెట్టింది నేనే. అంటే, పక్క మంచం ఆమె కనిపెట్టి నాకు చెప్పింది. ఆమె గర్భసంచి తీయించుకున్న మనిషి, మంచి మాటకారి. నన్ను వేలితో దగ్గరికి పిలిచి, "ఏమప్పా, నీకు చెవుడా? ఆ పాప నొప్పికి పండ్లు పటపటా కొరుక్కుంటాండేది ఈడికి ఇనపడ్తాండాది. నీకు ఇనపడ్లేదా?" అంది.

టైలరమ్మ దగ్గరికి వెళ్ళాను. "యాలమ్మా అబద్ధం చెప్పినావు?"

ఆమె తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. "నిన్న పెద్ద సిస్టరమ్మ ఆయాతో అన్నింది ఇన్నానన్నా. 'కోరి తెచ్చుకున్నదానికి నొప్పేమి, నోరెత్తే హక్కేమి' అని. మా అత్త కూడా అదే మాట. నిజమే గదా. కడుపులో గెడ్డలుండేవాళ్ళు, రాళ్ళుండేవాళ్ళు ఇంతమంది పడుకోనుండారు. నాకేం రోగమని అరిసేది?"

డాక్టరుకు చెప్పి మందు మళ్ళీ పెంచాము. నొప్పి ముదిరాక మింగడం కాదు, రాకముందే వేళకు మింగాలని ఆమెకు చెప్పాను. సూది మందు ఇవ్వడానికి వెళ్ళిన పెద్ద సిస్టరును అక్కడికక్కడే నిలదీసి కడిగేశాను.

కడగలేదు. శనివారం దగ్గర పడుతోంది, చిత్రాన్నం గుర్తొచ్చింది.

డిశ్చార్జి రోజు అత్తను కూర్చోబెట్టి జాగ్రత్తలు చెప్పింది నేనే. తలవైపు ఎత్తు పెట్టుకొని పడుకోవాలి. చేతులు పైకెత్తకూడదు, మిషను తొక్కకూడదు. కట్టు కదలకుండా వేసిన బిగుతు బాడీ తీయకూడదు. రొమ్ము మీద చర్మం కొన్నాళ్ళు మొద్దుబారి ఉంటుంది, భయపడక్కర్లేదు. "వేడినీళ్ళ సంచి పెట్టొద్దు, ఐసు పెట్టొద్దు" అని రెండుసార్లు చెప్పాను.

"మా ఇంట్లో అట్లాంటివి యాడుండాయప్పా" అంది ఆమె, గోడ వైపు చూస్తూనే.

నేను ప్రతి శనివారం సాయంత్రం బస్సులో కుప్పం వెళ్ళేవాణ్ణి. బస్సు పుంగనూరు మీదుగానే పోతుంది. అందుకని డాక్టరు, "ఎట్లా ఆ దారినే పోతావు కదా, దిగి ఒకసారి చూసి పో" అన్నాడు. ఆ శనివారం పుంగనూరులో దిగి, వాళ్ళ ఇల్లు కనుక్కొని వెళ్ళాను.

ముందుగదిలో గుడ్డ కప్పిన మిషను. గోడకు వేలాడే సగం కుట్టిన రవికెలు. గదికి అడ్డంగా తెర, కొలతలు తీసుకోవడానికి కట్టింది. టైలరమ్మ తెర అవతల దిండ్లకు ఆనుకొని కూర్చుంది. నేను ఇవతల స్టూలు మీద కూర్చున్నాను. ఆడవాళ్ళ కట్లు విప్పి చూడటం మా ఆసుపత్రిలో సిస్టర్ల పని. నాది మాటల పని.

"నొప్పి ఎట్లుండాదమ్మా?"

"నొప్పే లేదన్నా!" గొంతులో ఎంత సంతోషం! "ఒట్టు. ఈసారి నిజంగానే చెప్తాండా. రెండు దినాలుగా హాయిగా నిద్ర పోతాండా."

నా ఛాతీ ఉప్పొంగింది. నా సలహాలు, నా మాత్రల వేళలు, నా చేతి చలవ. అత్త ఇచ్చిన కాఫీ తాగి, కుప్పం బస్సుకు టైమవుతోందని లేచాను కూడా. అప్పుడు అత్త వచ్చి ఎదురుగా నిలబడింది. మొట్టమొదటిసారి నా మొహంలోకి చూసింది.

"మీ మాత్రలు ఏమీ పని చేయలేదప్పా. పాప తెల్లార్లూ మూలుగుతాండె. మాత్రలు ఒళ్ళు కాకచేస్తాయని నేనే ఆపేసినాను. నా ఉప్పు కాపడం దెబ్బకు నొప్పి పారిపాయె."

నేను స్టూలు మీద మళ్ళీ కూర్చున్నాను.

మా వైపు వాళ్ళకు చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ళ కోసం చెబుతాను. కల్లుప్పును పెనం మీద వేయించి, గుడ్డలో మూటగట్టి, నొప్పి ఉన్న చోట అద్దుతారు. బాలింత నడుముకు, ముసలివాళ్ళ మోకాలికి, పిల్లల కడుపుకు, అన్నింటికీ అదే. వేడి ఎక్కువైతే మనిషి "అబ్బా" అంటుంది. అనగానే మూట తీస్తారు. ఎన్ని తరాల నుంచో ఆ 'అబ్బా' అన్నమాటే దానికి కొలత.

"వేడినీళ్ళ సంచి పెట్టొద్దని చెప్పినాను కదమ్మా!"

"పెట్టలేదే. నువ్వు వొద్దన్నాక యాల పెడ్తాను? ఇది ఉప్పు గదా."

"యాడ పెట్టినావు?"

"నొప్పుండే చోటనే. ఆ బిగుతు బాడీ తీసేసి. మొదట పదిలంగానే పెడ్తాంటి. పాప ఏమీ అనలేదు. సురుకు సాల్లేదేమోనని ఇంగా రోంత కాకచేసి పెట్టినాను. అప్పుడూ ఏమీ అనలేదు."

ఏమంటుంది? లోపలి కండరానికి ఆ వెచ్చదనం హాయిగా ఉంది. పైన చర్మానికి తెలివి లేదు. పైగా ఆమెకు నోరు మూసుకోవడం అలవాటైపోయింది.

"అమ్మా, ఒకసారి తెర లోపలికి పోయి సూసి చెప్పు. నేను రాను. నువ్వే సూడు."

అత్త లోపలికి వెళ్ళింది. గుడ్డ తీస్తున్న చప్పుడు. నేను స్టూలు తెర దగ్గరికి జరుపుకున్నాను.

"ఏముండాదమ్మా?"

"ఎర్రగుండాది. కుడిపక్క... పైన... బొబ్బ లేసుండాదప్పా. అరిసెయ్యంత. నీళ్ళు పట్టుకోనుండాది." ఆమె గొంతు మారిపోయింది. "పాపా, ఇంత బొబ్బ లేస్తే ఒక్క మాట అనలేదేమే? నీకు మంటగా లేదా?"

"లేదత్తా. నిజంగా లేదు. నువ్వు పెడ్తాంటే సుకంగా ఉండె."

అప్పుడు నేను ఆ అత్తకు గట్టిగా బుద్ధి చెప్పాను. వైద్యం తెలియనివాళ్ళు వైద్యం చేస్తే ఇట్లాగే ఉంటుందని కడిగి పారేశాను అని, వారం తర్వాత టీ కొట్టు దగ్గర స్నేహితులతో చెప్పాను. జరిగింది వేరు. తెర తోసుకొని బయటికొచ్చి ఆమే నన్ను కడిగింది.

"మొద్దుబారుతుంది, భయపడొద్దు అన్నావే గానీ, కాల్తే కూడా తెలీదని యాల చెప్పలేదు? సంచి సంచి అని రెండుసార్లు చెప్పినావు. పుంగనూర్లో సంచి ఎవురింట్లో ఉండాది? కాపడం పెట్టని ఇల్లు యాడుండాది? నీది కుప్పమేనంట గదా, మీ అమ్మ నీకు కాపడం పెట్టలేదా?"

పెట్టింది. ఎన్నోసార్లు పెట్టింది. మా అమ్మ మూట నా పొట్టకు అద్ది, నేను మొహం చిట్లించగానే తన బుగ్గకు ఆనించుకొని చూసుకునేది. వేడినీళ్ళ సంచి గురించి చెప్పేటప్పుడు అది నా తలకు తట్టనే లేదు. పుస్తకంలోది పుస్తకంలో, ఇంట్లోది ఇంట్లో.

భర్త పాల వ్యాను తెచ్చాడు. ముందు సీట్లో టైలరమ్మ, వెనక ఖాళీ క్యాన్ల మధ్య నేనూ అత్తా. మదనపల్లె వరకు ఆ క్యాన్లు ఒకదానికొకటి కొట్టుకుంటూనే ఉన్నాయి.

డ్యూటీ డాక్టరు ఫోటో తీసి బెంగళూరు సర్జన్‌కు పంపాడు. సర్జన్ ఫోనులో చెప్పింది ఇది. కాలినచోట నొప్పి ఉంటే పైపైన కాలినట్టు, నొప్పి లేకపోతే లోతుగా కాలినట్టు అని మామూలుగా అనుకుంటాం. ఈమెకు చర్మం ముందే మొద్దుబారింది కాబట్టి ఆ గుర్తు పనికిరాదు. కట్టు కట్టి, మందులిచ్చి, కనిపెట్టుకొని ఉండండి. చర్మం నల్లబడి చచ్చిపోతే లోపల పెట్టినదాన్ని తీసేయక తప్పదు. గులాబీ రంగుకు తిరిగితే బతికినట్టు.

టైలరమ్మకు ఆ మాట దాచకుండా చెప్పాము. ఆమె కొంగు కట్టు మీదికి లాక్కుంది. "తీసేస్తే మళ్ళీ పెట్టించుకునే ఓపిక నాకు లేదన్నా" అని మాత్రం అంది.

ఆ తర్వాతి రోజులు గుర్తొస్తే ఇప్పటికీ నవ్వూ బాధా రెండూ వస్తాయి. అత్త మంచం వదల్లేదు. తినమంటే తినదు. రోజూ కట్టు మార్చేటప్పుడు సిస్టరు పక్కన నిలబడి "ఏం రంగుండాది?" అని అడిగేది. టైలరమ్మే ఆమెను ఓదార్చేది. "నువ్వు కాల్చాలని కాల్చినావా అత్తా? నేను మూల్గితే నువ్వొక్కదానివే గదా లేసి వచ్చింది" అనేది.

అప్పుడే ఆమె తన నొప్పులను నాకు ఒక్కొక్కటిగా విప్పి చెప్పింది. నేను పటం తీసుకెళ్ళలేదు. "ఇప్పుడెట్లుండాదో నీ మాటల్లో చెప్పమ్మా" అన్నానంతే. "చంక దగ్గర పీసు తక్కువైన రవికె ఏసుకొన్నట్లుండాదన్నా, చెయ్యెత్తితే పిగులుతాదేమో అని భయం" అంది. అది కండరం. "ఒగోసారి ఉన్నట్టుండి మిషను సూది దిగినట్లు సుర్రుమంటాది, మళ్ళీ ఏమీ ఉండదు" అంది. అవి మేలుకుంటున్న నరాలు. "పైన తాకితే మాత్రం నా ఒళ్ళు మాదిరి లేదు. కాన్వాసు పెట్టి కుట్టిన కాలరును తాకినట్లుండాది. తాకింది తెలుస్తాది, ఎవురిదో అనిపిస్తాది." పిల్లలూ, ఆ మొద్దుతనాన్ని ఇంతకంటే బాగా చెప్పిన పుస్తకం మీకు దొరికితే నాకూ చూపించండి.

పక్క మంచానికి కొత్తగా వచ్చినవాళ్ళకు మా ఆయా టైలరమ్మ సంగతి చెప్పబోతే పెద్ద సిస్టరు "నీ పని చూసుకో" అంది. ఆ రోజు నుంచి కట్టు మార్చే పని చిన్న సిస్టర్ల దగ్గరనుంచి తీసుకొని తానే చేయడం మొదలుపెట్టింది.

సర్జన్ వచ్చే రోజు వచ్చింది. కాలినచోట పైన గట్టి చెక్కు కట్టింది. దాని కింద ఏముందో తీసి చూడాలి. పెద్ద సిస్టరు ఆ వేళకు మందుల బీరువా తాళాలతో బల్ల దగ్గరే ఉండాలి కాబట్టి, డ్రెస్సింగు గదిలోకి సర్జన్, ఒక చిన్న సిస్టరు వెళ్ళారు. అత్తను నాతోపాటు బయటే ఉంచారు. ఆమె తలుపుకు నుదురు ఆనించి నిలబడింది. నేను ధైర్యంగా ఆమె భుజం తట్టి, ఏమీ కాదమ్మా, నాది పూచీ అన్నాను.

అనలేదు. నాకే పూచీ ఇచ్చేవాడు కావాలి. గోడకు ఆనుకున్నాను.

లోపల పళ్ళెంలో కత్తెర పెట్టిన చప్పుడు. సర్జన్ మెల్లగా ఏదో అన్నాడు. ఆ వెంటనే వార్డంతా అదిరేట్టు ఒక కేక.

"అమ్మోవ్! నొప్పీ! సార్, నొప్పి, వొద్దు!"

అన్ని రోజుల్లో ఆ మనిషి నొప్పని అరవగా వినడం అదే మొదలు. వరండాలో కూర్చున్నవాళ్ళంతా లేచి నిలబడ్డారు. లోపలనుంచి సర్జన్ గొంతు, ఏదో బహుమతి వచ్చినవాడిలా: "నొప్పా? ఎక్కడమ్మా? ఇక్కడేనా?"

"ఆడనే సార్! ఆ పక్కనే! తాకొద్దు సార్!"

"గులాబీ రంగే. బాగుంది. తీయాల్సిన పని లేదమ్మా. అరువమ్మా, పరవాలేదు, గట్టిగా అరువు."

నేను అత్త వైపు తిరిగాను, ఈ శుభవార్త మొదట చెప్పేవాణ్ణి నేనే కావాలని. ఆమె అక్కడ లేదు. వార్డు చివర సిస్టర్ల బల్ల దగ్గర ఉంది. పెద్ద సిస్టరు అంటే డాక్టర్లకే జంకు. అలాంటి ఆవిడ ఎదుట బల్ల మీద రెండు చేతులూ పెట్టి, ఊగిపోతూ అరుస్తోంది.

"మా పాప ఆడ నొప్పో నొప్పో అని అరుస్తాండాది, మీకు ఇనపడ్లేదా? సూది మందు యాడ? నొప్పని నోరు తెరిసి చెప్తే ఇంగా కూసోనుండారేమి? లెయ్యండి!"

పెద్ద సిస్టరు ఆమె మొహంలోకి ఒక క్షణం చూసింది. "వస్తాండానమ్మా" అంది. లేచి, బీరువా తెరిచి, మందు తీసి, సిరంజి నింపి, ట్రేలో పెట్టుకొని, ఎప్పుడూ లేనంత వేగంగా నడిచింది. అత్త ఆవిడ వెనకే.

ఆ సూది మందు వేసింది నేనేనని మా స్నేహితులందరికీ చెప్పుకున్నాను. నేను వేయలేదు. ఆవిడ రెండు చేతులతో ట్రే పట్టుకొని వస్తుంటే, డ్రెస్సింగు గది తలుపు తీసి పట్టుకున్నాను. ఆ రోజు నేను చేసిన పని అదొక్కటే.